రాత్రి పది దాటాక పద్యం ఎక్కడ పాడాలి?

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మన పాత హాలు సంగతి తేల్చబోతున్నాం. కింద అంగళ్ళు, పైన ఏసీ ఫంక్షన్ హాలు, ఆ పైన ఆఫీసు గదులు అంటూ బిల్డరు ఇచ్చిన ప్లాను మీ అందరి ఫోన్లకూ వచ్చింది. దానికి ఊ కొట్టేముందు, ఈ ఊళ్ళో పాటకూ పద్యానికీ ఉన్న చోట్లు ఎట్లా వచ్చాయో, ఎట్లా పోయాయో మాకు తెలిసినంత రాస్తాం. పొడుగవుతుంది. భోజనం అయినాక తీరికగా చదవండి.

మేము అంటే రైల్వేలో చేసి రిటైరైన నలుగురం. సాయంత్రం హాలు మెట్ల మీద కూర్చునేది మేమే కాబట్టి మీకు తెలుసు. మాట నలుగురిదీ, రాసే చెయ్యి ఒకరిది. ఆ చెయ్యి తమిళ మీడియంలో చదివింది. పెరంబూరులో ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగం వచ్చి గుంతకల్లుకు చేరాక, స్టేషన్ బోర్డులూ నాటకాల వాల్‌పోస్టర్లూ చూసి కూడబలుక్కున్నవి. ఒత్తులు తప్పితే దిద్దుకోండి.

మద్రాసులో మా చిన్నప్పుడు బళ్ళారి అంటే ఊరు కాదు, ఉల్లిగడ్డ. సాంబారుకు వేసే చిన్న ఉల్లి వేరు, పెద్ద ఉల్లి వేరు. ఆ పెద్దదాన్ని అక్కడ ఇప్పటికీ బళ్ళారి అనే అడుగుతారు. బళ్ళారి అనే ఊళ్ళో మనుషులుంటారనీ, వాళ్ళు నాటకాలాడతారనీ మాకు తెలిసింది ఒక తమిళ పుస్తకంలో. తమిళ నాటకానికి పెద్దదిక్కు అనిపించుకున్న పమ్మల్ సంబంధ ముదలియార్ తన నాటకరంగ జ్ఞాపకాలు రాసుకున్నాడు. 1891లో ఆయనకు పద్ధెనిమిదేళ్ళు. నాటకం అంటే చిన్నచూపు ఉన్న కాలేజీ కుర్రవాడు. ఆ సంవత్సరం బళ్ళారి నుంచి సరస వినోదినీ సభవాళ్ళు వచ్చి మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో తెలుగు నాటకం ఆడారు. చదువుకున్నవాళ్ళు, వకీళ్ళు, రంగు పూసుకుని వేదికెక్కడం చూశాడు. చూసినవాడు ఊరికే ఉండలేదు. ఆ ఏడే జూలై 1న స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. మద్రాసు తమిళ నాటక సభలకు అదే పెద్ద మొదలు. తొంభైకి పైగా నాటకాలు రాసిన మనిషి, తనకు దారి చూపింది బళ్ళారివాళ్ళని దాచకుండా రాసుకున్నాడు. తమిళ బడి లైబ్రరీలో అది చదివిన తెలుగు పిల్లవాడికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఉల్లిగడ్డ బస్తా విప్పితే బంగారం దొరికినట్టు.

ఆ సభను నడిపినవాడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). వృత్తికి వకీలు. 1886లో సరస వినోదినీ సభ, మరుసటి ఏడు చిత్రనళీయం. పాత్రలచేత పద్యాలతోపాటు పాటలూ పాడించాడు. విషాద సారంగధరతో తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేశాడు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. ఆయనకు పోటీగా సుమనోరమ సభ పెట్టిన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) కూడా వకీలే. చారిత్రక నాటకాలు ఆయన సొత్తు. విజయనగర పతనం మీద ఆయన రాసిన రామరాజు నాటకంలో పఠాన్ రుస్తుం వేషం కట్టి పేరు తెచ్చుకున్న తాడిపత్రి రాఘవాచార్యులు మూడో వకీలు. అదే మన బళ్ళారి రాఘవ (1880–1946), ధర్మవరంవారికి మేనల్లుడు. ముగ్గురు వకీళ్ళు పగలు కోర్టులో, రాత్రి స్టేజీ మీద. ఊరు రెండు సభలుగా చీలి, ఎవరి నాటకం గొప్పదని పంతాలు పట్టిందంటే నమ్మవచ్చు. ఇప్పుడు క్రికెట్టుకు పట్టినట్టే.

ఒక్క సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. కోలాచలంవారు నాటకాలు రాసి ఊరుకోలేదు. ఈ ఊళ్ళో వాణీ విలాస నాటకశాల కట్టించారు. పందిట్లోనో, ఎవరి ఇంటి ముంగిట్లోనో ఆడితే చాలదని, నాటకానికి గోడలూ కప్పూ ఉన్న సొంత చోటు కావాలని ఆ రోజుల్లోనే తోచింది. మొన్న రాయల్ సర్కిల్ దగ్గర ఆటో ఎక్కి, కావాలనే, "వాణీ విలాస్ పోదాం నాయనా" అన్నాం. ఆటో అబ్బాయి మెల్లగా వెనక్కి తిరిగి, "అది బెంగళూరులో ఆసుపత్రి కదా సార్, ఎవరికి డెలివరీ?" అన్నాడు. నవ్వుకున్నాం. ఇల్లు చేరాక నవ్వు రాలేదు.

మన సంఘంలో చిన్నవాళ్ళు అడుగుతుంటారు, మీరు సంగీతం సంగీతం అంటారు, చెప్పేది నాటకాల గురించి కదా అని. పట్నాల్లో కచేరీ వేరు, నాటకం వేరు. మన సీమలో సామాన్యుడికి కచేరీ అంటే నాటకమే. రాగం అంటే ఏమిటో అతనికి నేర్పింది పద్యం. మోహన, కాంభోజి అనే పేర్లు తెలియకపోవచ్చు. కృష్ణుడు రాయబారానికి వచ్చి ఎత్తుకునే రాగం ఏదో, హరిశ్చంద్రుడు కాటిలో ఎత్తుకునే రాగం ఏదో చెవికి తెలుసు. హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నాయన శ్రుతి ఇస్తే పద్యం మొదలు. చివరి పాదం దాటి రాగం పైకి పోతుంటే జనం ఊపిరి బిగబట్టడం, దించగానే "వన్స్ మోర్" అని అరవడం. రాఘవకు ఈ రాగాల సాగదీత నచ్చేది కాదు. నటన ముందు, రాగం తర్వాత అన్న మనిషి ఆయన. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో నటించాడు, ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుపట్టి స్త్రీలను వేదిక మీదికి తెచ్చాడు. ఈ రాగాల విషయంలో మాత్రం, పెద్దలు క్షమించాలి, మేము జనం పక్షమే.

ఇక పోవడం సంగతి. ఒక్కసారిగా పోలేదు, ఒక్కరు పోగొట్టలేదు. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు మాట్లాడే బొమ్మ వచ్చింది. రాఘవ కూడా 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు వేశాడు. నాటకశాల పెట్టుకున్నవాడికి లెక్క సులభం. నాటకం అంటే ముప్పై మంది మనుషులు, వాళ్ళకు తిండి, బస, బండి ఖర్చు. ఇంత చేస్తే రాత్రికి ఒక్క ఆట. బొమ్మ అంటే ఒక డబ్బా రీళ్ళు, రోజుకు మూడు ఆటలు. ఎన్ని ఊళ్ళలోనో స్టేజీకి అడ్డంగా తెల్లగుడ్డ కట్టేశారు. తర్వాతి తరంలో ఆ టాకీసులకూ కాలం తీరి కల్యాణ మంటపాలయ్యాయి. ఆపైన కాంప్లెక్సులు. ప్రతిసారీ ముందున్నదాని కంటే ఎక్కువ బాడుగ ఇచ్చేదే వచ్చింది. ఎవరినీ తిట్టే పని లేదు. స్థలం ధర పెరిగే ఊళ్ళో రోజూ డబ్బు రాలే పనే నిలబడుతుంది. నెలకు రెండు రాత్రులు నిండే హాలు నిలబడదు, పక్కన ఎవరైనా పట్టుకుంటే తప్ప.

మనకు ఇంకొక చిక్కు కూడా ఉంది, సరిహద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి జిల్లా రెండుగా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో మిగతావి మైసూరుకు. తెలుగు నాటకం చదువుకున్న బడి ఇటు, దాని చుట్టాలు అటు. ఇటువైపు కన్నడ నాటకం తెలుగు నాటకంతో ఎప్పుడూ పోట్లాడలేదు, అది చెప్పకపోతే పాపం. రాఘవతో కలిసి వేషం కట్టిన జోళదరాశి దొడ్డనగౌడ కన్నడ గమకంలో ఎంత గొప్పవాడో మనవాళ్ళందరికీ తెలుసు. ఆయన పేర రంగమందిరం ఉంది, రాఘవ పేర కళామందిరం ఉంది. ఒకే హార్మోనియం, ఒకే తబలా ఈ వారం కన్నడానికి, పై వారం తెలుగుకు. చిక్కంతా కాగితాల దగ్గర. తెలుగు పద్యం పాడే బళ్ళారి పిల్లవాడు అటు ప్రభుత్వానికి పొరుగు రాష్ట్రంవాడు, ఇటు ప్రభుత్వానికి పొరుగు భాషవాడు. వాడికి ఆసరా ఇచ్చేది ఒక గది, ఒక కప్పు, మనలాంటి ఒక సంఘం.

మేము ఈ ఊరికి వచ్చింది 1980లలో, పార్శిల్ ఆఫీసుకు. అప్పుడు హుబ్లీ డివిజన్ దక్షిణ మధ్య రైల్వే కింద ఉండేది. కాంట్రాక్టు నాటకాలు జోరుగా సాగిన కాలం. ఒక ఊరి కృష్ణుడు, ఇంకో ఊరి అర్జునుడు, మూడో ఊరి దుర్యోధనుడు, ఎవరి బండిలో వాళ్ళు గుంతకల్లు మీదుగా దిగేవాళ్ళు. ఒక్కో నాటకానికి ఇద్దరు కృష్ణులు. రాయబారం దాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. ఎవరి రాగం ఎక్కువసేపు నిలిచిందో తెల్లవారి టీ అంగడి దగ్గర పంచాయతీ. వాళ్ళ సామాను తూచింది మేమే. హార్మోనియం పెట్టె, కిరీటాల పెట్టె, చుట్టిన తెరలు, గదలు. భీముడి గద తక్కెట్లో పెడితే ముల్లు కదిలేది కాదు, లోపల అంతా డొల్ల. తెరల చుట్ట మాత్రం తేలికగా ఉండి చోటు ఎక్కువ తినేది కాబట్టి కొలతపట్టి ఛార్జీ వేయాలి. దాని దగ్గర మేనేజరుకూ మాకూ వాదన. వాదన ముగిశాక రాత్రికి ముందు వరుసలో రెండు కుర్చీలు మావే. ఇంతకాలానికి ఒప్పుకుంటున్నాం.

ఆ కుర్చీలు వేసింది మన హాల్లోనే. రేకుల కప్పు, చెక్క స్టేజీ, వెనక సామాను దించుకోవడానికి పెద్ద తలుపు. కొత్తవాళ్ళు అది గోడౌను తలుపు అనుకుంటున్నారు, కాదు, రథం సెట్టింగు పట్టాలని పెట్టినది. రాత్రి పదికి మొదలైతే తెల్లవారి అయిదుకు మంగళం. నైట్ డ్యూటీ దిగినవాళ్ళు మధ్యలో వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళు. యార్డులో మీటర్‌గేజ్ ఇంజను కూత వేసేది. ఒకసారి ఒక ముసలి కృష్ణుడు రాగం పైస్థాయిలో ఉండగా కూత పడింది. ఇంకొకరైతే ఆపేవాడు. ఆయన కూత శ్రుతి పట్టుకుని, దాని మీదే రాగాన్ని నిలిపి, ఇంజను ఆగాక కిందికి దిగాడు. హాలంతా లేచి నిలబడింది. బండి నడిపిన డ్రైవరు తెల్లవారి వచ్చి, నిన్న మీవాళ్ళు ఎందుకట్లా అరిచారు, ఏదైనా గొడవా అని అడిగాడు.

తర్వాత గనుల కాలం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు చైనాకు ఇనుపరాయి ఎంత కావాలంటే అంత అమ్ముడుపోయిన రోజులు. లారీల దుమ్ముతో పాటు డబ్బు లేచింది. ఊళ్ళో స్థలాల ధరలు మన చూపుకు అందకుండా పోయాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు జిల్లాలో గనులు ఆపింది, ధరలు మాత్రం కిందికి దిగలేదు. ఊరి నడిబొడ్డున ఖాళీగా కనబడే కప్పు ప్రతిదీ అప్పటినుంచి "డెవలప్‌మెంటుకు ఉన్న స్థలం" అయింది. మన హాలు కూడా.

ఇప్పుడు అసలు మాట. ఇది చెప్పడానికే ఇంత రాశాం. 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాత్రి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. నియమం మంచిదే. మా వయసుకు నిద్ర విలువ తెలుసు, పరీక్షలకు చదివే పిల్లల సంగతి తెలుసు. దానివల్ల ఏమైందో చూడండి. తేరు బజారులోనో, గుడి ముందో పందిరి వేసి తెల్లవార్లూ ఆడే కురుక్షేత్రం చట్టం ముందు నిలవదు. పదికి మొదలయ్యే నాటకం పదికి ముగియాలి. సాయంత్రం ఆరుకు మొదలుపెట్టి నాలుగు గంటల్లో చుట్టేస్తున్నారు. రాయబారం ఒక్కటే ఆడి పంపేస్తున్నారు. అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి నాలుగు గోడల చోట, లోపలివాళ్ళకు వినబడే మేరకు రాత్రి కూడా మైకు వాడుకోవచ్చు. అంటే ఈ దేశంలో రాత్రంతా పద్యం పాడుకోవడానికి ప్రతిరోజూ హక్కున్న చోటు ఇక మూసిన హాలు ఒక్కటే. పందిరి పోయింది, హాలు మిగిలింది. ఆ హాలును మనమే పడగొట్టబోతున్నాం.

కళామందిరం, రంగమందిరం ఉన్నాయి కదా అని కమిటీలో ఒక తమ్ముడు అన్నాడు. ఉన్నాయి, ఉండాలి. అవి పెద్ద రోజుకు పెద్ద వేదికలు. పద్యం పెద్ద రోజున పుట్టదు. పల్లె నుంచి వచ్చిన పదిమంది మూడు నెలలు సాయంత్రాలు కూర్చుని, ఒకే పద్యం నూరుసార్లు పాడి, హార్మోనియం మేష్టారుతో తిట్లు తిని నేర్చుకోవడానికి చిన్న చోటు కావాలి. బాడుగ తక్కువ ఉండాలి, టీ అంగడి దగ్గర ఉండాలి, బస్సు తప్పితే స్టేజీ మీదే దుప్పటి పరుచుకుని పడుకోగలగాలి. ఏసీ ఫంక్షన్ హాల్లో పడుకోనిస్తారా?

ఇది మన ఊరి గొడవ ఒక్కటే కాదని మనవడు ఫోనులో చూపించాడు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం 2014లో, ఇంగ్లండు 2018లో ఒక పద్ధతి పెట్టాయట. పాటలు పాడే పాత చోటు పక్కన కొత్తగా ఇళ్ళు కట్టేవాడు, శబ్దం తన ఇళ్ళలోకి రాకుండా చూసుకునే ఖర్చు తానే భరించాలి, పాత చోటును మూయించకూడదు. ముందు నుంచి ఉన్నవాడికి మర్యాద, అంతే. అంత దూరం ఎందుకు, ఇందాక చెప్పిన విక్టోరియా పబ్లిక్ హాలు సంగతి చూడండి. 1883లో దానికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. మా చదువు రోజుల్లో సెంట్రల్ స్టేషన్ దిగిన ప్రతిసారీ చూసేవాళ్ళం, పావురాలూ దుమ్మూ తప్ప లోపల ఏమీ లేదు. పక్కన మెట్రో వచ్చింది, రోడ్లు మారాయి. ఆ హాలును మాత్రం పడగొట్టలేదు. ఈమధ్య చెన్నై కార్పొరేషన్ పూనుకుని బాగుచేయించింది. బళ్ళారివాళ్ళు నిలబడి ఆడిన హాలు మద్రాసులో నిలిచింది. బళ్ళారిలో మనం ఏం నిలుపుకున్నామో ఎవరికి వాళ్ళు లెక్క చూసుకోండి.

బిల్డరును తప్పుపట్టేముందు మా తప్పు కూడా చెప్పాలి. నాలుగేళ్ళ కింద కమిటీలో ఉన్నది మేమే. కరెంటు బిల్లు పేరుకుపోయిందని హాలును జీన్స్ గుడ్డ తాన్లు పెట్టుకోవడానికి ఎనిమిది నెలలు బాడుగకిచ్చాం. ఆ ఎనిమిది నెలలూ రిహార్సలుకు వచ్చే పిల్లలను రేపు రండి, మాపు రండి అని తిప్పాం. తాన్లు ఖాళీ అయ్యాయి గానీ పిల్లలు తిరిగి రాలేదు. వాళ్ళలో మంచి గొంతున్న ఒక అబ్బాయి ఇప్పుడు జీన్స్ యూనిట్లోనే కుట్టుపని చేస్తున్నాడు. బజార్లో కనబడితే నమస్కారం పెడతాడు. పాడుతున్నావా నాయనా అంటే, "ఎక్కడ పాడేది తాతా" అన్నాడు. దానికి జవాబు చెప్పలేక టీ తాగు అని డబ్బులిచ్చి వచ్చాం. హాలు వాడకం లేదు కాబట్టి కట్టేద్దాం అంటున్నారు మీరు. వాడకం లేకుండా చేసింది మేము.

కాబట్టి కట్టవద్దు అనడం లేదు. కప్పు కారుతోంది, వైరింగు భయంగా ఉంది, సంఘం ఖాతాలో డబ్బు లేదు. కింద అంగళ్ళు వేసుకోండి, వచ్చే బాడుగతో పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వండి. అయితే సంతకం పెట్టేముందు ప్లానులో కొన్ని మాటలు రాయించాలి. ఫంక్షన్ హాలు అని రాసిన అంతస్తులో ఒక చివర కదలని స్టేజీ, ఇప్పుడున్నంత వెడల్పు తగ్గకుండా. వెనక వేషాల గది, సామాను ఎక్కించే పెద్ద తలుపు, దానికి లిఫ్టు. శబ్దం బయటికి పోని గోడలు, కిటికీలు. పక్కన ఇల్లున్నవాళ్ళకు మనం ఇవ్వవలసిన మర్యాద అది. వారంలో రెండు సాయంత్రాలు రిహార్సలుకు, నెలలో ఒక రాత్రి నాటకానికి, పెళ్ళిళ్ళ సీజనులో కూడా, ఎంత బాడుగ వచ్చినా ఇవ్వకూడదని ఒప్పందంలోనే ఉండాలి. నోటిమాట వద్దు. పార్శిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసినవాళ్ళం, రసీదులో లేని సామాను దొరకదు.

సమావేశం ఆదివారం పది గంటలకు. హాలు తాళం మా దగ్గరే ఉంది, తొమ్మిదికి తీస్తాం. జీన్స్ యూనిట్ అబ్బాయికి ఆ రోజు సెలవట, రమ్మని చెప్పాం. హార్మోనియం బెల్లోస్ చిరిగింది, కౌల్ బజారులో బాగుచేయడానికి ఇచ్చాం, శనివారం సాయంత్రానికి ఇస్తానన్నాడు. ఎవరికైనా ఆటోనో, కారో ఉంటే చెప్పండి, పెట్టె బరువుగా ఉంటుంది.